షాకిర్ కనిపెట్టలేని జ్వరం

తాడేపల్లిగూడెంలో పరుపులు కుట్టే షాకిర్‌కి తల్లి పోయేనాటికి నాలుగేళ్లు. పదహారేళ్ల అక్క రబియానే అతణ్ణి పెంచింది. ఆమె భర్త తొందరగానే పోతే, పసిపిల్ల హఫ్సాని ఎత్తుకుని తమ్ముడింటికే వచ్చేసింది. షాకిర్ తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. అక్క ఒంట్లో నలతగా ఉంటే ఆమె చెప్పకముందే అతనికి తెలిసిపోయేది. నడకలో తేడా చూస్తే చాలు, పొయ్యి దగ్గర్నుంచి లేపి కూర్చోబెట్టేవాడు. బడికి వెళ్లనివాడికి అదొక్కటే గొప్ప.

ఒక ఆదివారం పొద్దున్న పెళ్లివారి పరుపులు కుట్టడానికి కామవరపుకోట బయల్దేరాడు. రబియా క్యారేజీ కట్టిచ్చి, "దూది ముక్కులోకి పోతుంది, గుడ్డ కట్టుకోరా" అంది. మనిషి ఎప్పటిలాగే చలాకీగా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆమె వసారాలో చాప మీద ముడుచుకుని ఉంది. సోమవారం సాయంత్రం జ్వరం తగిలిందట. చెబితే పని వదిలేసి వస్తాడని ఫోన్ చెయ్యలేదు. అతను తీసుకెళ్తే ఊళ్లో డాక్టరుగారు పరీక్ష చేసి ఫ్లూ అన్నారు. వెంటనే మాత్రలు మొదలుపెట్టి, ఆక్సిజన్ తగ్గుతోందని ఏలూరు ఆసుపత్రికి పంపారు.

హఫ్సా ఏలూరులోనే హాస్టల్లో ఉండి మైక్రోబయాలజీ చదువుతోంది. పరుగున వచ్చేసరికి మేనమామ వార్డు బయట బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆదివారం నా ఎదురుగానే నిలబడిందమ్మా. నేను కనిపెట్టలేకపోయాను."

హఫ్సా పక్కన కూర్చుంది.

"మావయ్యా, ఆ వేళకి వైరస్ అమ్మ గొంతులోనో ఊపిరితిత్తుల్లోనో చేరే ఉంటుందండీ. మామూలుగా ఒక కణంలోకి వైరస్ దూరితే, లోపలున్న కాపలా ప్రొటీన్లు దాని ఆర్‌ఎన్‌ఏని పట్టేస్తాయి. అప్పుడా కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం వదుల్తుంది. అది అందితే చుట్టుపక్కల కణాలన్నీ జాగ్రత్తపడతాయి."

"మరి మీ అమ్మ ఒంట్లోవి ఏం చేస్తున్నాయి?"

"వాటిని తెలుసుకోనివ్వలేదండీ. ఫ్లూ వైరస్ ఎన్‌ఎస్-1 అని ఒక ప్రొటీన్ చేయించుకుంటుంది. అది వైరస్ ఆర్‌ఎన్‌ఏని కప్పేసి, కాపలావాటి పని ఆపేస్తుంది. ఒకవేళ తెలిసినా, పక్కవాటికి చెప్పే కబురు తయారవకుండా అడ్డుపడుతుంది. వైరస్ అంతటితో ఊరుకోదు. కణం రాసుకున్న సందేశాల మొదటి ముక్క కత్తిరించి తన సందేశాలకి అతికించుకుంటుంది. కణం అవి తనవేననుకుని వైరస్‌కి కావలసినవన్నీ తనే చేసి పెడుతుంది."

"దాని ఇంట్లోనే, దాని చేతే!" అన్నాడు షాకిర్.

"అవునండీ. కబురు ఎలాగో బయటపడ్డాక జ్వరం, ఒళ్లునెప్పులు మొదలవుతాయి. అంటే ఒళ్లు పోరాటానికి దిగిందన్నమాట. అప్పటికి వైరస్ వేలకి వేలైపోయి ఉంటుంది. లోపలి కణానికే తెలియనిది గుమ్మంలో చూసిన మీకెలా తెలుస్తుంది చెప్పండి? మాత్ర మాత్రం వేళకే పడింది."

అతను తలూపాడు. కానీ కళ్లు తుడుచుకోవడం మానలేదు.

మూడో రోజు పొద్దున్న రబియాకి ఆక్సిజన్ గొట్టం తీసేశారు. కళ్లు తెరవగానే, "ఏమైనా తిన్నావురా?" అంది. షాకిర్‌కి దుఃఖం ఆగలేదు.

"నీ మొహం చూసి కూడా కనిపెట్టలేకపోయానక్కా."

"నాకే తెలియలేదురా పిచ్చోడా! ఆవేళ నిక్షేపంగా నాలుగు బకెట్ల బట్టలుతుక్కున్నాను."

హఫ్సా చెప్పిందంతా అతను అక్కకి వినిపించాడు. ఎన్‌ఎస్-1 పేరు గుర్తు రాక "ఆ నోరు నొక్కేది" అన్నాడు. రబియా నవ్వబోతే దగ్గొచ్చింది. అతను చప్పున లేచి వీపు నిమిరాడు.

ఇంటికొచ్చాక రబియాకి నెల్లాళ్లు నీరసం వదల్లేదు. షాకిర్ దూరపు పనులు ఒప్పుకోలేదు. ఏడాదికోసారి వేయించుకోవలసిన ఫ్లూ టీకా గురించి డాక్టరుగారినడిగి, ఆమె తేరుకున్నాక ఇద్దరికీ వేయించాడు. ఆ నెల్లాళ్లూ వంట మాత్రం అతనికి కుదరలేదు. రబియా మంచం మీంచే చారులో ఉప్పెంతో, చింతపండెంతో చెప్పేది.

ఒకనాడు అతను గిన్నె దించి గరిటెతో రుచి చూపిస్తే, ఆమె చప్పరించి, "ఇవాళ బావుందిరా, నువ్వూ కూర్చో" అంటూ మంచం మీద కాస్త పక్కకి జరిగింది.