అత్తమ్మకు చెప్పిన సినిమా

లగ్గమై మందమర్రికి వచ్చిన మొదటి ఏడు సంగతి ఇది. మా ఆయన బొగ్గుబాయిల కరెంటు పని చేసేటోడు. డ్యూటీ దిగినంక కాలనీ క్లబ్బుల సినిమా మిషన్ నడిపేది కూడా ఆయనే. ఆ ముచ్చట సంబంధం మాట్లాడేటప్పుడే తెలిసి, లోపల లోపల నేను ఎంత సంబరపడ్డనో ఎవ్వరికీ చెప్పలే.

ఆ ఏడు దసరాకు క్లబ్బోళ్లు వరుసగ కొన్ని దినాలు సినిమాలు వేద్దామనుకున్నరు. సినిమా పండుగ అని పేరు కూడా పెట్టిన్రు. అన్ని ఆటలు తేలినయిగని, సద్దుల బతుకమ్మ తెల్లారి ఆడోళ్లకు ఏం వెయ్యాలె అన్న కాడ పంచాయితీ పడ్డది. ఆఖరికి కమిటీ పెద్దమనిషి మా ఆయనతోని, "మీ ఇంటామెకు సినిమాలంటే పానమట గద, ఆమెనే అడుగు" అన్నడట.

శనివారం పొద్దుగాల రైలుకు రెండు సినిమాల రీళ్లు వచ్చినయి. ఆ రెండు రేకు పెట్టెలను మా ఆయన సైకిల్ మీద కట్టుకొని ఇంటికి తెచ్చిండు. వెనుకనే మిషన్ కూడా వచ్చింది. క్లబ్బుకు సున్నం వేస్తున్నరు, ఆడ చూసుడు కుదరదు.

"రెండిట్ల ఒకటి ఉంచుకోవాలె. ఒకటి సోమవారం వాపస్ పోవాలె. ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నడు.

"సౌండు పెట్టె ఏది?"

"అది ఖరాబైంది. రిపేరుకు మంచిర్యాల పంపిన్రు. జర బొమ్మ చూసి చెప్పరాదు?"

మాటలు లేని సినిమా చూసుడు ఎట్లనో నాకు సమజ్ కాలే. చిన్నప్పుడు హుజూరాబాద్ల మా ఇంటెనుక డేరా టాకీసు పడుతుండె. బాపు ఎప్పుడన్న ఒకసారి తోలుకపోయేటోడు, మిగిలిన దినాలు గోడ పక్కన పండుకొని మాటలు, పాటలు ఇనుడే. బొమ్మ లేకుండ సినిమా ఇనుడు నాకు అలవాటే. ఇప్పుడేమో బొమ్మ ఉన్నది, మాట లేదు.

శనివారం పగటీలి కిటికీలకు గొంగడ్లు కట్టి, గోడకు దుప్పటి కొట్టినం. ఎంత ఉతికినా బొగ్గు దుమ్ముకు ఆ దుప్పటి బూడిద రంగుకు వచ్చింది. మొదటిది రాజుల సినిమా. కత్తులు, గుర్రాలు, మీసాలు. అత్తమ్మ అర్రలకే రాలే. పుట్టి బుద్ధెరిగి ఆమె సినిమా చూడలేదు. వంటింట్ల చాటతోని బియ్యం చెరుగుకుంట, "గోడ మీద గా ఎగురుడేందో, గా దునుకుడేందో" అని గులుగుతుండె. నాకూ ఆ సినిమా మనసుకు రాలే.

ఐతారం రెండోది పెట్టినం. అది నేను లగ్గానికి ముందు బాపుతోని కరీంనగర్ పోయి చూసిందే. కొత్త కోడలు కథ. లగ్గమైన కొన్నొద్దులకే మొగడు పట్నం పోతడు, ఆమె అత్తతోని ఒక్కతే ఉంటది. రీలు తిరుగుడు మొదలైనంక చూస్తే అత్తమ్మ చాట పట్టుకొని గడప మీద నిలబడ్డది.

"గా పిల్ల ఏమంటుంది?" అని అడిగింది.

"పోకు అంటుంది అత్తమ్మా."

"వాడేమంటుండు?"

అట్ల మొదలైంది. సినిమాల వాళ్లు మాట్లాడేది కోస్తా దిక్కు తెలుగు. నాకు యాదికున్నకాడికి అదే చెప్పబోయిన. "ఏమండీ, మీరు వెళ్ళిపోతే నేనేమైపోవాలి" అనంగనే అత్తమ్మ మొకం చిట్లించింది. "గదేం మాట? మంచిగ చెప్పు." అప్పుడు మా ఇంటి మాటలల్లకే దిగిన. "ఓ అయ్యా, నువ్వు పోతే నేనెట్ల ఉండాలె? ఎవ్వలతోని మాట్లాడాలె?" అన్న. అత్తమ్మ చాట కింద పెట్టి కూసున్నది.

పక్క క్వార్టరుల బిలాస్‌పూర్ దిక్కు నుంచి వచ్చినామె ఉండేది. నవ్వులు ఇని ఆమె కూడా వచ్చి మా నడుమ కూసున్నది. ఆమెకు తెలుగు రాదు, ఆమె కోసం నడుమ నడుమ నాకొచ్చిన ఉర్దూల చెప్పిన. మొగడి మాటకు గొంతు బొంగురు చేసిన. సినిమాల అత్త మాటకు వచ్చేసరికి మా అత్తమ్మ పక్కనే ఉన్నది, ఎట్ల తిట్టాలె? మెల్లగ తిట్టిన. "గంత మెల్లగ ఎవ్వలు తిడతరే?" అని అత్తమ్మే గొంతు లేపి తెర మీది కోడలిని తిట్టింది. మిషన్ కాడ మా ఆయన కడుపు పట్టుకొని నవ్విండు.

సగమైనంక ఒక కాడ ఆ పిల్ల కిటికీ పట్టుకొని బయటికి చూస్తది. పెదవులు కదులుతున్నయి. ఆమె ఏమన్నదో నాకు ఎంతకూ యాదికి రాలే.

"ఏమంటుంది?" అన్నది అత్తమ్మ.

"నన్ను కన్న అవ్వ యాదికొస్తుంది అంటుంది. మా ఊర్ల అందరు తంగేడు పూలకు పోతుంటరు, నేనొక్కదాన్నే ఈడున్న అంటుంది."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెల్వదు. మొదటి బతుకమ్మకు ఆడపిల్ల తల్లిగారింటికి పోవాలె. బాపు తీసుకపోను వస్తనంటే నేనే వద్దన్న. సినిమా పండుగ ఉన్నది, మా ఆయనకు చేతినిండ పని, నేను పోతే అత్తమ్మకు తిప్పలైతది అని కబురు పంపిన. సంబరంగనే పంపిన. అట్లనే అనుకున్న. తీరా ఆ మాట అన్నంక, బొమ్మలు కదులుతున్నా నేను చెప్పుడు ఆపి కొంగుతోని కండ్లు తుడుచుకున్న.

మా ఆయన మిషన్ ఆపిండు. "రీలు మార్చాలె" అన్నడు. ఇంక రీలు సగం ఉండె.

అత్తమ్మ లేచి పోయి చాయ్ పెట్టింది. నా గిలాస నా చేతికే ఇచ్చి పక్కన కూసొని, "పోతవా బిడ్డా హుజూరాబాద్?" అని అడిగింది.

"సినిమాలున్నయి గదా అత్తమ్మా" అన్న. పోవాలనీ ఉండె, ఉండాలనీ ఉండె. రెండూ నిజమే.

ఆమె గిలాస కింద పెట్టి మా ఆయనను పిలిచింది. "కొడుకా, రేపు హుజూరాబాద్ పో. వియ్యపురాలిని తోలుకరా. పండుగ ఈడనే చేసుకుంటది, సినిమా కూడా చూస్తది" అన్నది.

"బిడ్డ అత్తగారింటికి పండుగకు వస్తదా అవ్వా?" అన్నడు మా ఆయన.

"నేను పిలుస్తున్ననని చెప్పు. ఎందుకు రాదు?" అని, నా దిక్కు తిరిగి, "ఇగ కానియ్యి. వాడు పట్నం నుంచి వచ్చిండా, రాలేదా?" అన్నది.

వచ్చిండు. ఆడికి సినిమా అయిపోయింది, ఏది ఉంచుకోవాలెనో అదీ తేలింది.

మా ఆయన హుజూరాబాద్ పోయి చెప్తే మా అవ్వ మొదలు మొహమాటపడ్డదట. బాపే, పో అని బస్సెక్కించిండు. అవ్వ మూట నిండ తంగేడు, గునుగు పూలు తెచ్చింది. సద్దుల నాడు అత్తమ్మ, అవ్వ ఒక్క పీట మీద కూసొని బతుకమ్మ పేర్చిన్రు. రంగుల కాడ ఇద్దరికీ ఒక్కతీరు తోచదు, నేను నడుమ కూసొని పూలందిచ్చిన.

తెల్లారి రాత్రి క్లబ్బు ముందటి మైదానంల ఆడోళ్ల సినిమా ఆట. సౌండు పెట్టె బాగై వచ్చింది. మాటలన్ని ఖంగున ఇనబడుతున్నయి. నేను అవ్వకూ అత్తమ్మకూ నడుమ చాప మీద కూసున్న. కొద్దిసేపటికి అత్తమ్మ ఓర్సుకోలేకపోయింది. నా మీద నుంచి అవ్వ దిక్కు వంగింది.

"వదినా, గా మాటలు పట్టించుకోకు. గా పిల్ల ఏమంటుందో నేను చెప్త."

ముందటి ఆడోళ్లు మల్లి మల్లి చూసి ఉష్షుమన్నరు. అత్తమ్మ గొంతు తగ్గించింది గని చెప్పుడు మానలే. నేను చెప్పినయి చెప్పింది, చెప్పనియి కూడా కలిపి చెప్పింది. కిటికీ కాడి బొమ్మ వచ్చినప్పుడు మాత్రం ఆ తంగేడు పూల మాట ఎత్తలే. అవ్వ చీకట్ల నా చెయ్యి తడుముకొని పట్టుకున్నది. అత్తమ్మ తెర దిక్కే చూసుకుంట కూసున్నది.