అమ్మ చెంప మీద నేను చెరిపిన మచ్చ

పాత ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్న పిచ్చి నాకు పట్టిన ఏడాది, భీవండీ నార్పోలిలోని మా ఒంటి గదిలోకి ఒక పాత కంప్యూటరూ, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన స్కానరూ చేరాయి. రేకు డబ్బాలోంచి ఒక్కో ఫోటో తీసేవాణ్ణి. అందులో ఎవరున్నారో అమ్మ చెప్పేది, కింద పేర్లు టైపు చేసేవాణ్ణి. బాపు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ ఏదీ పట్టనట్టు ఉండేవాడు.

వరాలా తలావ్ దగ్గరి స్టూడియోలో ముగ్గురం దిగిన ఫోటోలో అమ్మ ముఖం దగ్గరగా కనబడుతుంది. ఎడమ కంటి కింద నుంచి చెవిదాకా మచ్చ. కుట్లు కూడా కనబడతాయి. నాకది చూడబుద్ధి కాలేదు. కంప్యూటర్‌లోనే పక్క చర్మం తెచ్చి అతికించి, ఒక పూటంతా కూర్చుని మాయం చేశాను. ఘనకార్యం చేసినట్టు అమ్మను పిలిచి చూపించాను.

అమ్మ తెర మీది తన చెంపను వేలితో తడిమింది. తర్వాత నా చెంప పగలగొట్టింది. పెళ్లీడుకొచ్చినవాణ్ణి, చెవి గుయ్యిమంది.

"నా దెబ్బ ఏది? ఎవడు తియ్యమన్నడు నిన్ను?"

"మంచిగ కనబడాలని తీసిన అమ్మా."

"ఎవలికి మంచిగ? మల్ల గదే పని చేసినవ్."

మొదటిసారి ఏం చేశానో మా ఇద్దరికీ తెలుసు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బాపు నాగావ్‌లో ఒక షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. నల్లా దగ్గర నీళ్ల కొట్లాటతో ఆ రోజు వంట ఆలస్యమైంది. నేనూ అమ్మా అన్నం గిన్నెతో వెళ్లేసరికి కరెంటు పోయి సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. బాపు సాంచెలోంచి ధోటా తీశాడు. దారాన్ని అటూ ఇటూ మోసే ఆ చెక్కకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. దానితో అమ్మ ముఖం మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా కొట్టాడు. సాంచెల మోత లేదు కనుక ప్రతి దెబ్బా వినబడింది. అన్నం మీద నెత్తురు చిందింది. మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకని పక్కవాళ్లెవరూ అడుగు వెయ్యలేదు. నేను గోడకు అతుక్కుపోయి లాగు తడుపుకున్నాను.

దవాఖానాలో డాక్టరు ఏమైందని మరాఠీలో అడిగాడు. అమ్మకు మరాఠీ రాదు. మరాఠీ బడికి పోయేవాణ్ణి నేనే కనుక, బయట మా ఇంటికి నోరు నేనే. "మీ బాపు కొట్టిండని చెప్పు బిడ్డా," అంది అమ్మ, నెత్తురు మింగుతూ. బాపు చెయ్యి నా మెడ మీద ఉంది. వేళ్లు బిగిశాయి.

"ధోటా ఉడాలా," అన్నాను.

సాంచె నడుస్తుంటే ధోటా ఎగిరొచ్చి తగిలిందని. భీవండీలో అది మామూలే, డాక్టరు మళ్లీ అడగలేదు. కానీ ధోటా అన్న మాట అమ్మకు తెలుసు. కుట్లు వేస్తున్నంతసేపూ నన్నే చూసింది. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

చెరపని ఫోటో తీసి తెర మీద పెట్టాను. "కింద రాయి," అంది అమ్మ. "ఆనాడు డాక్టర్‌కు చెప్పుమన్న మాట రాయి."

"సాంచె దెబ్బ అని రాయి," అన్నాడు బాపు మంచం మీది నుంచి.

"సాంచెకు చేతులున్నయా?" అంది అమ్మ, వెనక్కి తిరగకుండానే.

టైపు చేశాను. అమ్మకు చదువు రాదు కనుక పైకి చదివాను. "బాపు ధోటాతో కొట్టిన దెబ్బ." వెంటనే స్టీలు గ్లాసు వచ్చి నా కనుబొమ్మ చీల్చింది. చేతులు వణుకుతున్నాయని రోజూ మూలిగే మనిషికి గురి మాత్రం తప్పలేదు. లేచి ఆయన గొంతు పట్టుకుని గోడకు అదిమాను. అబద్ధమెందుకు, చంపేద్దామనే అనిపించింది.

"ఇడువు వాన్ని. ఉన్నమాటంటే ఉలుకెక్కువ," అంది అమ్మ. నా చెయ్యి లాగేసి, కొంగుతో నా నెత్తురు ఒత్తి పట్టింది. "పా, దవాఖానకు పోదాం. డాక్టర్ అడిగితే ఏం చెప్తవ్?"

"బాపు కొట్టిండని చెప్త."

"గట్ల గాదు. మరాఠీల చెప్పు."

"బాపానే మార్ల."

అమ్మ కొంగు తియ్యకుండానే నా ముఖంలోకి చూసింది.

"రెండే మాటలా బిడ్డా?" అంది.