ముందే చెప్పిన సాక్ష్యం

మా చర్చిలో ప్రార్థన ఫలించాక సాక్ష్యం చెప్పడం రివాజు. అమ్మకు అంతవరకు ఆగే ఓపిక లేదు. పక్షవాతం వచ్చి బాపు మాట పడిపోయిన కొన్నాళ్లకే ఆరాధనలో లేచి నిలబడింది.

"వచ్చే ఆదివారం మా ఆయన గీడనే పాట ఎత్తుకుంటడు. దేవుడు చేసిండని నమ్ముతున్న. స్తోత్రం."

అందరూ చప్పట్లు కొట్టారు. చర్చిలో పాట మొదలుపెట్టేది ఎప్పుడూ బాపే. మగవాళ్ల వైపు అంచున, అమ్మకు ఒక వరుస వెనక కూర్చుని, అమ్మ సాక్ష్యం సాగదీస్తే వెనక నుంచి కొంగు గుంజేవాడు కూడా. ఆ రోజు గుంజేవాడు ఇంట్లో మంచం మీదున్నాడు.

ఆదివారం వచ్చింది, మాట రాలేదు. "పాడిండా అక్కా?" అని చర్చి ఆడవాళ్లు ఇంటికొచ్చి అడిగేవారు. "పాడ్తడు" అనేది అమ్మ, వాళ్ల మొహం చూడకుండా.

అంతలో తెలంగాణ కోసం రోజుల తరబడి సాగే బంద్ మొదలైంది. మా ఇంటి ముందు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశారు. "బంద్ ఉండంగ చర్చికెట్ల పోతం?" అని అమ్మ తలుపు గొళ్లెం పెట్టింది. చర్చి మా వెనక సందులోనే ఉంది. ఆ సంగతి నేనెత్తలేదు.

లోపల ముగ్గురం. బయట పొద్దంతా డప్పులు, పాటలు. అమ్మ మంచం పక్కన మోకాళ్లూని అదే ప్రార్థన మళ్లీ మళ్లీ చేస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. ఊరంతటికీ గొంతిచ్చి మా ఇంట్లో ఉన్న ఒక్క గొంతూ లాక్కున్నావేమని దేవుడి మీద పళ్లు నూరేదాన్ని. బాపు కప్పు వైపు చూస్తూ పడుకునేవాడు.

బంద్ ముగిసింది. ఇక చెప్పుకోవడానికి సాకు లేదు. ఆదివారం అమ్మ బాపుకు తెల్లచొక్కా తొడిగి, వెనక సందుకే అయినా ఆటోలో తీసుకెళ్లి, ఎప్పటి చోటనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. సాక్ష్యాల వేళ తానే లేచింది.

"పాడ్తడని చెప్పిన. పాడలే. అడిగింది దేవుడు ఇయ్యలే. ఎందుకియ్యలేదో నాకెరుకలేదు. కోపం గూడ ఉన్నది. అయినా గా దేవున్ని ఇడిసి యాడికి పోవాలె? గీ బాధ గూడ గాయనకే చెప్పుకోవాలె గదా."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్ అయ్యగారు తల దించుకున్నారు. అమ్మ ఆగలేదు. దవాఖాన గురించి, మందుల గురించి, నిద్ర పట్టని సంగతి గురించి చెప్పుకుంటూ పోయింది.

బాపు ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. వెతుక్కుని అమ్మ కొంగు పట్టుకుని గుంజింది.

అమ్మ మాట మధ్యలో ఆపి వెనక్కి తిరిగింది.

"కూసుంటున్న తియ్" అని, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.