విశ్వాసమ్మ చెయ్యి

కర్నూలు కంటి ఆసుపత్రిలో విశ్వాసమ్మ పని చెయ్యి అందించడం. పేరుకు ఆయానే గానీ, పద్దెనిమిదేళ్లుగా ఆమె చేతిని పిసకని ముసలాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. ఆపరేషనుకు ముందు కంటి పక్కన మత్తుసూది వేస్తే కన్ను మొద్దుబారుతుంది, మనిషి మాత్రం మెలకువగానే ఉంటాడు. ముఖం మీద గుడ్డ కప్పుతారు. కదలకూడదు, మాట్లాడకూడదు. దగ్గు వచ్చేలా ఉంటే పక్కన కూర్చున్న విశ్వాసమ్మ చెయ్యి నొక్కాలి. ఆమె చెబితే డాక్టరమ్మ పని ఆపుతుంది.

ఆలూరు వైపు నుంచి ఓబుళరెడ్డి వచ్చాడు. ఒక కన్ను చిన్నప్పుడే కంపముల్లుకు పోయింది. ఉన్న ఒక్కదానికీ ఇప్పుడు పొర కమ్మింది. బీడీలతో రొమ్ము పాడై, పూర్తి మత్తు పనికిరాదన్నారు. ఇక సూదిమత్తే గతి. బల్ల మీద దగ్గాడంటే ఉన్న కన్నూ పోతుంది.

బల్ల మీద పడుకోగానే ఆయన మొదట ఆమె పేరు అడిగాడు. చెప్పగానే చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. కన్ను పోయినా కులం పోకూడదనే రకం. విశ్వాసమ్మకు కడుపు మండింది. అయినా కన్ను కన్నే గదా అనుకుని, ఉతికిన తువ్వాలు ఒక కొస ఆయనకిచ్చి, రెండోది తాను పట్టుకుంది. దగ్గొస్తే లాగమంది.

పని సగంలో ఉండగా దగ్గు తన్నుకొచ్చి దుప్పటి కింద ఆయన రొమ్ము ఎగిసింది. తువ్వాలు లాగితే సరిపోయేది. భయం ముంచుకొచ్చినప్పుడు తువ్వాలు ఎవరికి చాలుతుంది? దాన్ని వదిలేసి, తడుముకుని, గోళ్లు దిగేలా ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపండమ్మా," అంది విశ్వాసమ్మ.

డాక్టరమ్మ శిరీన్ ఆపింది. ఆయన తనివితీరా దగ్గాడు. పని ముగిసేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బయటికొచ్చాక కొడుకు భూపేష్, లోపల ఎవరి చెయ్యి పట్టుకున్నావని అడిగితే, తువ్వాలు పట్టుకున్నానన్నాడు. విశ్వాసమ్మ అక్కడే ఉంది, కాదనలేదు. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

మర్నాడు కట్టు విప్పారు. చూపు వచ్చిందో లేదో తెలియడానికి వేళ్లు చూపించడం కూడా ఆమె పనే. బారెడు దూరంలో నిలబడి చెయ్యెత్తింది.

"ఎన్ని వేళ్లప్పా?"

ఓబుళరెడ్డి చాలాసేపు చూశాడు. భూపేష్ పక్కనే నిలబడ్డాడు.

"నాలుగు," అన్నాడు ముసలాయన. తర్వాత గొంతు తగ్గించి, "గోళ్ల గాట్లు గూడా నాలుగు కనబడతాండాయి. నేను పట్టుకునింది తువ్వాలు కాదురా భూపేషా, ఈయమ్మ చెయ్యి."