మునెన్న మీద పడిన నింద

నిన్న అలిపిరిలో కొండ బస్సు ఎక్కగానే పక్క సీటాయన రుమాలులోంచి నీలగిరి తైలం వాసన గుప్పుమంది. ఆ వాసన ఇప్పటికీ భరించలేను, లేచి వెనక సీటుకు మారాను. తొంభైల చివర్లో తిరుమలలో మునెన్న బొమ్మల అంగట్లో పనిచేసేవాణ్ణి. జబ్బుపడిన ఆయన ఛాతీకి ఆ తైలం రుద్దింది నేనే. "యాపారం మీద ఆశతో ఆసుపత్రికి పోకుండా ఒళ్లు పాడుచేసుకున్నాడు" అని కొండమీద పాతవాళ్లు ఇంకా అంటుంటారు. అది నిజం కాదు.

ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. మా పెద్దవాడికి ఏడాదైనా నిండకముందు దగ్గు పట్టుకుంది. కొండచలికి మామూలేలే అన్నాను. మునెన్న బిడ్డ చొక్కా ఎత్తి చూశాడు.

"డొక్కలెగరేస్తా ఉండాడు కదరా! పాలు తాగతా ఉండాడామ్మా?"

"లేదన్నా, నోట పెట్టుకోడంలే" అంది మా ఆవిడ.

జనం నిండిన అంగడికి తలుపులేసి, మమ్మల్ని జీపెక్కించి తిరుపతిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. న్యుమోనియా అన్నారు. బిడ్డ దక్కాడు.

కొన్నేళ్లకు బ్రహ్మోత్సవాలప్పుడు ఆయనకే జ్వరం, దగ్గు వచ్చాయి. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టాయి. గరుడసేవ అయ్యేదాకా అంగళ్లవాళ్లం ఎవరమూ అంగడి వదలం. దగ్గయినా ఆయాసమైనా కొండచలి అనుకుని సరిపెట్టుకుంటాం. గరుడసేవ ముందురోజు పొద్దున ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. మాటమాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఎదురొమ్ములో... పొడుస్తా ఉండాదప్పా. డాక్టరు దగ్గరికి... పోదామా?"

"రేపొక్కరోజు ఓర్సుకో అన్నా. మిరియాల కసాయం కాసిస్తా."

"నువ్వెప్పుడు... డాక్టరయినావురా?" అని నవ్వబోయి దగ్గాడు. నేను నవ్వేసి బేరాల్లో పడిపోయాను.

మరునాడు మధ్యాహ్నం నన్ను తన తమ్ముడి పేరుతో పిలిచాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. అప్పుడు పరిగెత్తాను. కొండమీది ఆసుపత్రివాళ్లు చూసీచూడగానే కిందికి తీసుకుపొమ్మన్నారు. ఆ జనంలో జీపు కదిలేసరికి పొద్దుగూకింది. ప్రాణమైతే నిలిచింది కానీ ఊపిరితిత్తి దెబ్బతింది. ఆయన మళ్లీ కొండెక్కలేదు. అంగడి చేతులు మారింది.

ఆసుపత్రిలో మునెన్న భార్య, మా వదిన, నన్ను నిలదీసింది. "నిన్ననే ఎందుకు తీసకపోలేదబ్బా?"

మునెన్న ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు కొంచెం జరిపి, "వాడు పోదామనే అన్నాడు. నేనే మొండికేసినా" అన్నాడు.

నేను కాదనలేదు. ఆయన పోయాక కూడా కాదనలేదు.

ఈమధ్యే వదిన ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఆ పొద్దున్నే పోయింటే..." అని ఆపేసింది. మిగతా సగం మాట నాతోనే ఉండిపోయింది.