కిరోసిన్ మరకల చీటీలు

ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి నేను. అయినా బెంగాలీల ఊరు హిజ్లీలో, యూనివర్సిటీ మ్యూజియంలో పనిచేశాను. నా చేతి కింద గదినిండా పురుగులు, ఒక్కటీ ఎదురు చెప్పేది కాదు. పెట్టెల్లో నాఫ్తలీన్ ఉండలు వేయడం, అద్దాలు తుడవడం నా ఉద్యోగం.

మా నాన్న రైల్వేలో సిగ్నల్ దీపాల మనిషి. రోజూ పొద్దున్నే స్తంభాలెక్కి దీపాలు దించి మసి తుడిచేవాడు. లోపల చచ్చిపడున్న దీపప్పురుగుల్ని ఖైనీ డబ్బాలో వేసి మ్యూజియానికి తెచ్చేవాడు. ఒక్కోదానికి ఒక చీటీ. ఏ సిగ్నలు, ఏ తారీఖు, ఆ రోజు వానా ఎండా, అన్నీ తెలుగులో, కిరోసిన్ వేళ్లతో.

"ఏటి నాన్నా, పురుగులకి పాసులు రాస్తన్నావా?"

"నవ్వరా, నవ్వు. పనికొస్తాయని మీ సారే సెప్పినారు."

మ్యూజియం చూసుకునే ఆ బెంగాలీ సారుకి తెలుగు రాదు. అయినా ఆ చీటీలను అలాగే పురుగు కింద సూదికి గుచ్చమనేవారు.

నాన్న చనిపోయిన ఏడాది ఎవరో పెద్దలు మ్యూజియం చూడటానికి వస్తున్నారన్నారు. సారు ఊళ్లో లేరు. మిగతా పెట్టెల్లో టైపు కొట్టిన ఇంగ్లిషు పేర్లు, నాన్న పెట్టెలో నూనె మరకలు. నాకు సిగ్గేసింది. చీటీలన్నీ పీకి, సారు గుర్తుపట్టి రాసిపెట్టుకున్న పేర్లు గుమస్తా చేత టైపు కొట్టించి గుచ్చాను. పాతవి చెత్తతో కాల్చేశాను. వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

సారు తిరిగొచ్చి పెట్టె తెరిచారు. కరెంటు దీపాలొచ్చాక ఈ చుట్టుపక్కల ఏ పురుగులు కనబడకుండా పోయాయో రాయబోతున్నారాయన.

"కోథాయ్? కబే?" అన్నారు. ఎక్కడ, ఎప్పుడు అని.

"పేర్లున్నాయి కదా సార్!"

"పేరు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇవి ఎక్కడ, ఎప్పుడు దొరికాయో మీ బాబా ఒక్కడే రాశాడు."

ఆయన బెంగాలీ అంతకుముందెప్పుడూ నాకు అంత బాగా అర్థం కాలేదు. తిట్టనూ లేదు. తిడితే ఏదో ఒక జోకు వేసి బయటపడేవాణ్ణి.

గుర్తున్నవి రాసిద్దామని రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. వెక్కిరించడానికి చదివిన చీటీలు, గుర్తుంటాయా? ఒక్కటే వచ్చింది: "వాన. అబ్బాయికి జొరం. మూడు దొరికినాయి."

అదే రాసి సారుకిచ్చాను. ఏ సిగ్నలు, ఏ తారీఖు అని అడిగారు.