మధ్యాహ్నం తరవాత చదవాల్సిన పత్రం

కరోనా తగ్గాక వచ్చిన రెండో డిసెంబరులో, నార్మన్ ఇంగ్లండు చరిత్ర వార్షిక సదస్సు చోడవరంలో మా డిగ్రీ కాలేజీకి వచ్చింది. అక్కడ నేను చరిత్ర శాఖాధిపతిని. సర్వీసులో అదే ఆఖరి ఏడాది. ఆతిథ్యమిచ్చే కాలేజీ శాఖాధిపతే ఆ ఏటికి కార్యదర్శి అన్నది నియమం కాబట్టి, ఆ పని నా నెత్తిన పడింది. ఫ్రాన్సు నుంచి సముద్రం దాటి వెళ్లి ఇంగ్లండును ఏలిన నార్మన్లకీ, చెరకు ట్రాక్టర్లు తిరిగే మా ఊరికీ ఏం సంబంధమని చాలామంది అడిగారు. షామియానా వేయడానికి వచ్చినతను బ్యానర్ చదివి, “నార్మన్లంటే ఏ పార్టీవోళ్లండి?” అన్నాడు.

సంబంధమల్లా మాస్టారే. వయసులో ఉండగా ఇంగ్లండు వెళ్లి పరిశోధన చేసి, తిరిగొచ్చి ఈ సదస్సును స్థాపించిన ఆచార్యులాయన. ఉత్తరాంధ్ర కాలేజీల్లో చరిత్ర చెప్పేవాళ్లలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే, నాతో సహా. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. ఆయన ముందు వరసలో కూర్చుంటే చాలు, మైకు ముందున్నవాళ్ల గొంతు కాస్త సన్నబడేది.

సదస్సు పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి పత్రానికీ పావుగంట. మొదటి గంట కొడితే ముగించమని, రెండో గంటకు ఆపేయమని. తరవాత చర్చ. చర్చలో ఎవరూ అభ్యంతరం నమోదు చేయకపోతే ఆ పత్రం నేరుగా వార్షిక సంపుటంలో అచ్చవుతుంది. నమోదైతే మాత్రం సంపాదకుడి చేతికి వెళ్తుంది. సంపాదకుడు మాస్టారే. ఆయన వద్దంటే ఇక అంతే.

ఆ ఏడాది వచ్చిన పత్రాల్లో ఒకటి చదివి నేను కంగారుపడ్డాను. రాసింది గ్రేస్ మణి, మా కాలేజీలోనే గెస్ట్ లెక్చరర్. దేవరాపల్లి దగ్గర చెరకు రైతుల ఇంటి పిల్ల. ఆ పత్రం అచ్చయితే తప్ప ఆమె థీసిస్ సమర్పించడానికి వీల్లేదు. పీహెచ్‌డీ లేకపోతే పర్మనెంటు ఉద్యోగానికి దరఖాస్తు చేసే అర్హతే లేదు. అలాంటి పత్రాన్ని తీసుకెళ్లి ఆమె మాస్టారి పుస్తకం మీదే ఎక్కుపెట్టింది.

నార్మన్లు వచ్చాక కొన్ని శతాబ్దాల పాటు ఇంగ్లండు పల్లెల్లో రైతులు తమ గింజల్ని భూస్వామి మరలోనే పిండి పట్టించుకోవాలి, అందులో కొంత ఆయనకు వదిలేయాలి. ఇంట్లో తిరగలి తిప్పుకుంటే భూస్వామి కోర్టులో జరిమానా. జనం భయంతోనే మరకు వెళ్లారని, తిరగలి వాళ్ల తిరుగుబాటని మాస్టారు నిరూపించారు. ఆయనకు పేరు తెచ్చింది ఆ వాదనే. గ్రేస్ ఆ కోర్టు రికార్డులనే మళ్లీ చదివి, అవే కుటుంబాలు ఏటా అదే చిన్న జరిమానా కడుతున్నాయని చూపించింది. శిక్ష అయితే అది పెరగాలి, లేదా తిరగలిని లాక్కుపోవాలి. రెండూ జరగలేదు కాబట్టి, అది జరిమానా పేరుతో కట్టే లైసెన్సు రుసుమని ఆమె వాదన.

నేను బాగా ఆలోచించి ఒక ఉపాయం చేశాను. మాస్టారికి షుగరు. భోజనం కాగానే ప్రిన్సిపాల్ గదిలో గంటన్నర పడుకుంటారు. గ్రేస్ పత్రాన్ని భోజనం తరవాత మొదటి పత్రంగా వేశాను. ఆయన ఉండరు, మిగతావాళ్లు ఆవలింతల్లో ఉంటారు, అభ్యంతరం నమోదు కాదు, పత్రం అచ్చుకు పోతుంది. కార్యదర్శిగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

కార్యక్రమ పట్టిక నోటీసు బోర్డు మీద అంటించిన సాయంత్రమే గ్రేస్ నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడమ్, మాస్టారు పడుకున్నప్పుడు సదివితే అది సదివినట్టేటండి?”

నీ మంచికే వేశానని చెప్పాను. థీసిస్ సంగతి గుర్తు చేశాను.

“ఆయన పుస్తకం మీద రాసేను. ఆయన వినకపోతే ఇంకెవరికి సెప్పాలండి? దొంగసాటుగా అచ్చయిపోతే, రేపు ఆయన సదివి ఏటనుకుంటారు?”

కోపం వచ్చింది నాకు. మంచి చేయబోతే తిరిగి నన్నే అడుగుతోందేమిటనిపించింది. ఆ పూటంతా ఆ కోపంతోనే ఉండి, మర్నాడు మాత్రం కార్యక్రమం మార్చి అంటించాను. రెండో రోజు ఉదయం, మొదటి పత్రం.

ఆమె చదువుతున్నంతసేపూ మాస్టారు కళ్లు మూసుకున్నారు. నిద్రపోతున్నారేమోనని ఆశపడ్డాను. రెండో గంట కొట్టగానే ఆయన కర్ర పట్టుకుని లేచారు.

“ఏటమ్మా, నా జీవితమంతా సేసిన పని తప్పంటన్నావా?”

“తప్పనడం లేదండి మాస్టారూ. సగమే అంటన్నాను.”

హాల్లో ఎవరో నవ్వబోయి మింగేశారు. ఈ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందని ఆయన అడిగారు. తాతగారి కాలంలో చెరకు కొంత ఫ్యాక్టరీకి పంపి, కొంత ఊళ్లో గానుగలో బెల్లానికి ఆడించుకునేవారని, అది ఎవరి మీదా తిరుగుబాటు కాదని ఆమె చెప్పింది.

“మీ తాత గానుగ ఇంగ్లండుకు సాక్ష్యమవుతాదా?”

“అవదండి. దానివల్ల ప్రశ్న పుట్టింది. సాక్ష్యం మీరు వాడిన రికార్డుల్లోనే ఉంది.”

అప్పుడు ఆయన అసలు దెబ్బ కొట్టారు. ఈ కోర్టు రికార్డులు మొదలయ్యేది నార్మన్ రాజుల తరవాత చాలా కాలానికి. వాటిని వెనక్కి జరిపి నార్మన్ల కాలానికి ఎలా అంటగడతావన్నారు. గ్రేస్ తన పత్రంలో నార్మన్ల కాలం గురించి రాసిన నాలుగు పేజీలు తిరగేసింది. తరవాత, అది నిజమేనని, ఆ నాలుగు పేజీలకూ తన దగ్గర ఆధారం లేదని ఒప్పుకుంది. ఆమె మొహం చూడలేక నేను మినిట్సు పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

నియమం ప్రకారం అడగక తప్పదు కాబట్టి, అభ్యంతరం నమోదు చేయమంటారా అని అడిగాను.

“రాయండి,” అన్నారు మాస్టారు. రాశాను. సంపాదకుడి నిర్ణయం తరవాత తెలియజేస్తారా అని అడిగాను.

“తరవాతెందుకు? ఇప్పుడే రాసుకోండి. ఆ నాలుగు పేజీలూ తీసెయ్యాలి. మిగతాదానితో నేను ఏకీభవించను.” అంటూ కుర్చీలో కూర్చుని, కర్ర పక్కన పెట్టుకున్నాక అన్నారు: “అచ్చు వెయ్యండి.”

సంపుటం వేసవిలో వచ్చింది. గ్రేస్ పత్రం, దాని వెనకే మాస్టారి జవాబు, ఆమె రాసినదానికి రెట్టింపు పొడవున. ఆ జవాబు ఆయన అంతకుముందు రాసిన చాలా వ్యాసాలకంటే బాగుంది. గ్రేస్ థీసిస్ సమర్పించింది. ఆ జవాబుకు మళ్లీ జవాబు రాస్తోందని విన్నాను.

నేను తెలుసుకున్నది ఇది. పత్రాన్ని పడగొట్టగల మనిషి ఎదుటే దాన్ని చదవాలి. అక్కడ పడిపోయే పేజీలు అచ్చులోకి రాకపోవడమే మేలు. మధ్యాహ్నం వేళకు ఆ పత్రాన్ని వేసినప్పుడు నేను గ్రేస్‌ని కాపాడుతున్నానని అనుకున్నాను. నిజానికి, తనను కాదన్న మాటను మాస్టారు భరించలేరని ఆయన తరఫున నేనే తీర్మానించేశాను. అన్నేళ్లు ఆయన శిష్యురాలిగా ఉండి కూడా నేనెప్పుడూ ఆయన మాట కాదనలేదు. ఒక్కసారైనా కాదని చూసి ఉంటే, ఆయన భరించగలరని నాకు ఎప్పుడో తెలిసేది.